మొగమాటము పునాదిగా కట్టిన యిల్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని పెద్దలు చెప్పిరి. కట్టిన పిదప ఏమేమి చూడవలసియుండునో వారు చెప్పలేదు. ఆ సంగతిని సోదరీమణులకు విన్నవింపవలెనని మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఒకరిని దూషించుట మా యుద్దేశము కాదు. మా యిల్లు కట్టిన కంట్రాక్టరు పేరిందులో ఎచ్చటను రాదు. తప్పులో అతని పాలెంతయో, మా పాలెంతయో ఉన్నదున్నట్లు చెప్పెదము. ఇల్లు కట్టించుకొనబోవు మరియొక గృహిణికి మా యనుభవము కొంత ఉపకరించినచో మా శ్రమ ఫలించినట్లే.

మాది గుత్తి. తలయెత్తినచో కొండమీది కోట కనబడును. వర్షము మాత్రము అరుదుగా కనబడును. అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఒక యేడు వచ్చును, ఒక యేడు రాదు. ఇట్టి సీమలో మా పెద్దలు మట్టిమిద్దెలు కట్టుకొనిరి. రాతిగోడలు, కొయ్యదూలములు, వానిపై అడ్డకట్టెలు, ఆపైన మందముగా చవిటిమన్ను. తడిసినప్పుడా చవుడు మెత్తబడి యొత్తుగా నతుకుకొని నీటిని లోనికి దిగనీయదు. వానకాలమునకు ముందు క్రొత్త చవుడు తెచ్చి పఱచి, త్రొక్కి, వాలు సరిచేసి, తూములు శుభ్రము చేసికొనుట ప్రతి గృహస్థునకును విధిగా నుండెను. మా అత్తగారు కాపురమునకు వచ్చినది అట్టి మిద్దెలోనికే. ఆమె నలువది యేండ్లు ఆ మిద్దె బాగోగులు చూచినది. కావున ఇంటికప్పును గూర్చి ఆమెకు తెలిసినంత మాకును, మా వారికిని తెలియదు. ఈ సంగతి మేము చాల ఆలస్యముగా గ్రహించితిమి.

మా వారు బడిపంతులు. వారి జీతములో మిగిల్చినదియు, బ్యాంకివారిచ్చిన అప్పును, మా పుట్టింటివారు పెట్టిన నగలు కుదువబెట్టగా వచ్చినదియు కలిపి 18 లక్షల రూపాయలతో రెండు గదులు, వంటయిల్లు, వసారా గల సిమెంటు మిద్దె కట్టింపదలచితిమి. కంట్రాక్టరు కొఱకు వెదుకనక్కఱ లేకపోయెను. మా వారియొద్ద చదివికొన్న పిల్లవాడే పెద్దవాడై, లైసెన్సు పొంది, చుట్టుప్రక్కల నిండ్లు కట్టించుచుండెను. అతడు మా వాకిట నిలిచి, “అయ్యవారూ, మీ యింటి పని నేను చేయకుంటే ఎవరు చేస్తారు?” అనెను. మా వారి కన్నులు చెమర్చినవి. ఒప్పందము వ్రాసికొనవలెనని మేమనగా, ఒక్క కాగితముపై గదుల కొలతలు, మొత్తము సొమ్ము, వాయిదాలు వ్రాసి యిద్దఱును సంతకములు చేసిరి. ఇసుక ఏది, సిమెంటు ఏది, కమ్మీలెంత లావువి, నీరెవ్వరు తేవలెను అను మాటలు అందులో లేవు. “శిష్యునితో ఇన్ని అడిగిన నతడు చిన్నబుచ్చుకొనడా?” అని మా వారనిరి. మేమును ఊరకుంటిమి.

2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో శ్లాబు వేసిరి. ఆ దినము మేము పనివాండ్రందఱికిని చిత్రాన్నము, మజ్జిగ పంపితిమి. అసలు పని ఆ మఱునాటినుండి యారంభమగునని మాకు తెలియదు. సిమెంటు ఆరుటచేత గట్టిపడునని చాలమంది వలెనే మేమును అనుకొంటిమి. నిజమునకు సిమెంటు నీటితో కలిసి జరుగు రసాయన క్రియచేత గట్టిపడును. ఆ క్రియ పూర్తియగువఱకు తేమ ఆరిపోరాదు. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2000వ సంవత్సరమున సవరించి ప్రకటించిన 456వ సంఖ్యగల ప్రమాణములో, సామాన్యపు సిమెంటు కాంక్రీటును కనీసము ఏడు దినములును, ఎండయు పొడిగాలియు గలచోట కనీసము పది దినములును తడిగా నుంచవలెనని కలదు. బూడిద మొదలైనవి కలిసిన సిమెంటైనచో పదునాలుగు దినములుంచుట మేలని కూడ చెప్పియున్నారు. గుత్తిలో వైశాఖపుటెండ ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

శ్లాబుపై సిమెంటుతో చిన్న మడులు కట్టి నీరు నిలిపిరి. రెండు దినములు ట్యాంకరు వచ్చెను. మూడవనాడు కంట్రాక్టరు వచ్చి, “అయ్యవారూ, ట్యాంకరు రేటు పెంచినారు. మన కాగితంలో నీళ్ళ మాట లేదు కదా” అనెను. తామిచ్చెదమని చెప్పుటకు మా వారి చేతిలో ఆ నెల సొమ్ము లేదు. నీవే పోయించుమని చెప్పుటకు నోరు రాలేదు. “నీకు తెలియనిదేమున్నది నాయనా, చూచి చేయుము” అనిరి. “చూద్దాం లెండి” అని అతడు పోయెను. ఆ రెండు మాటల నడుమ మా మిద్దె ఎండిపోయినది. తరువాతి దినములలో ఒక కూలివాడు బోరునుండి ఉప్పునీరు నాలుగైదు బిందెలు తెచ్చి చల్లిపోవుచుండెను. అది పోసిన గడియకే ఆవిరియగుచుండెను. అప్పుడు మా అత్తగారు అద్దెయింటి అరుగుపై కూర్చుండి, “అమ్మాయీ, మిద్దె దప్పికగొన్నది, నీళ్ళు పోయించు” అని రోజును చెప్పుచుండిరి. ముసలివారి చాదస్తమని మేము నవ్వుకొంటిమి.

ఆగస్టులో గృహప్రవేశమైనది. అక్టోబరు నెలలో రెండు దినములు వాన పట్టగా పడుకగది మూలనుండి నీరు కారెను. మిద్దెపై కెక్కి చూడగా నీరు తూమువైపునకు పోక నడిమిలో మడుగుకట్టి నిలిచియుండెను. వాలు పెట్టవలసిన తీరున పెట్టలేదు. స్తంభమునకును ఇటుకగోడకును నడుమ నిలువుగా నెఱియ విచ్చినది. వంటయింటి గిలాబాను వ్రేలితో తట్టగా డొల్లు శబ్దము వినబడెను. మా వారు శిష్యునకు ఫోను చేసిరి. అతడు వచ్చి నెఱియలో సిమెంటు పూసి, రంగు వేయించి, “కొత్త యిల్లు సర్దుకుంటుందయ్యవారూ” అని చెప్పి వెళ్ళెను. మరుసటి యేడు మఱల కారెను. మఱల వచ్చి మఱల పూసెను. మూడవమాఱు ఫోనునకు బదులు రాలేదు.

2024వ సంవత్సరము మే నెలలో ఒక మధ్యాహ్నము వంటయింటిలో నుండగా పడుకగదిలో పెద్ద చప్పుడు వినబడెను. పరుగెత్తి చూడగా కప్పునుండి అరచేతిమందపు పెచ్చు ఊడి మా అత్తగారి మంచముపై పడియుండెను. దైవవశమున ఆమె అప్పుడు వసారాలో చింతపండు పిసుకుచుండిరి. తలగడ ఉన్నచోటనే సిమెంటు గడ్డ పడియున్నది. పైకి చూచితిమి. త్రుప్పుపట్టిన కమ్మీలు ఎముకలవలె బయటపడియుండెను. మా అత్తగారు వచ్చి చూచి ఒక్క మాటయు ననలేదు. మంచము వసారాలోనికి లాగుకొనిరి. ఆ మౌనమే మమ్ము ఎక్కువగా నొప్పించెను.

ఆ రాత్రి మా వారితో మాటలాడితిమి. “వాడు మా బడిపిల్లవాడు. వానిపై ఫిర్యాదు వ్రాసిన ఊరిలో తలయెత్తుకొనగలమా?” అని వారనిరి. మాకు చిన్నతనమున మా తండ్రిగారు చదివి వినిపించిన లక్కయింటి కథ జ్ఞప్తికి వచ్చెను. పురోచనుడు కట్టిన యింటిలో కాలు పెట్టగనే ధర్మరాజు గోడలలోని నేతివాసన, లక్కవాసన పసిగట్టెను. పైకేమియు ననక లోలోన జాగ్రత్తపడెను. విదురుడు పంపిన ఖనకుడు సొరంగము త్రవ్వి యిచ్చుటచేత పాండవులు బ్రదికిరి. “మన గోడల వాసన మనకు తెలిసినది. మనకు ఖనకుని పంపు విదురుడు లేడు. వ్రాత యొక్కటే మనకున్న దారి” అని మేమంటిమి. మా కంట్రాక్టరు పురోచనునివంటి దుర్మార్గుడు కాడు. అతడు మంచివాడే. మంచివాడు గదాయని మే మడుగలేదు. అడుగలేదు గదాయని అతడు చేయలేదు. ఇంటికి వచ్చిన చేటు ఇంతమాత్రమే.

తెల్లవాఱి మేము చట్టపు సంగతులు తెలిసికొన మొదలిడితిమి. ఇల్లు కట్టించుకొన్నవాని మొఱ క్రొత్తది కాదు. సుమారు 3,750 యేండ్ల క్రిందట బాబిలోను రాజైన హమ్మురాబి తన శాసనములో, కట్టిన గోడ సరిగా లేక వంగినచో కట్టినవాడే తన సొమ్ముతో దానిని గట్టిపఱుపవలెనని విధించెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణము కారుకరక్షణముతోనే ఆరంభమగును. చెప్పిన పనిని వేఱొక తీరున చేసిన పనివానికి కూలి పోవుటయే కాక అందుకు రెట్టింపు దండుగయు అందులో విధింపబడినది. కావున పని సరిగా లేదని అడుగుట కలికాలపు కలహబుద్ధి కాదు.

మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. 1993లో చేసిన సవరణచే ఇండ్ల నిర్మాణమును సేవయని అందులో స్పష్టముగా చేర్చిరి. 2008లో ఫకీర్‌చంద్ గులాటీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, బిల్డరుతో ఒప్పందము చేసికొని తన స్థలములో ఇల్లు కట్టించుకొన్న భూయజమానియు వినియోగదారుడే యని తీర్పు చెప్పెను. 2012లో హైదరాబాదునకు సంబంధించిన నార్నె కన్‌స్ట్రక్షన్సు వ్యాజ్యమున, రోడ్లు మొదలైన వసతులు కల్పించెదమని చెప్పి స్థలములమ్ముటయు సేవయే యనెను. 1986 నాటి చట్టమునకు బదులుగా 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఫిర్యాది తాను నివసించు జిల్లాలోనే మొఱ పెట్టుకొనవచ్చును. మాకది అనంతపురములోని జిల్లా కమిషను. చెల్లించిన సొమ్ము 50 లక్షలవఱకు నున్న వ్యవహారములు జిల్లా కమిషనువే. 18 లక్షల ఇంటికి దాఖలు రుసుము 400 రూపాయలు మాత్రమే. వకీలును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. ఇంటినుండియే కంప్యూటరు ద్వారా దాఖలు చేయవచ్చును. అయితే మొఱకు కారణము పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెను. ఇది చదివినప్పుడు మా గుండె ఝల్లుమన్నది. గృహప్రవేశమైన నాటినుండి లెక్కించినచో మాకు మిగిలినది రెండున్నర నెలలే.

పట్టణములలో అపార్టుమెంట్లు కొనువారికి 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము మరియొక రక్షణ. ఇల్లు స్వాధీనము చేసిన అయిదేండ్లలోపల కట్టడములో గాని పనితనములో గాని లోపము బయటపడి తెలియజేసినచో, బిల్డరు ముప్పది దినములలో తన ఖర్చుతో సరిచేయవలెనని దాని 14వ సెక్షను చెప్పును. 500 చదరపు మీటర్లకు మించని స్థలములోని పనులకును, ఎనిమిదికి మించని వాటాల కట్టడములకును ఆ చట్టపు నమోదు అక్కఱలేదు. మావలె సొంతస్థలమున ఒక్క యిల్లు కట్టించుకొన్నవారికి వినియోగదారుల కమిషనే తగిన తావు.

నోటీసు మేమే వ్రాసితిమి. మొదటి ప్రతిలో కోపమెక్కువ, కొలతలు తక్కువ. మా వారు దానిని చదివి, పిల్లల వ్యాసములు దిద్దినట్లు ఎఱ్ఱసిరాతో దిద్ది, “మోసము అను మాట కొట్టివేయుము. నెఱియ పొడవు వ్రాయుము” అనిరి. ఆ మాట మాకు మేలు చేసినది. కొలబద్ద పట్టుకొని ప్రతి నెఱియను కొలిచి, తేదీతో ఛాయాచిత్రములు తీసితిమి. ఈ వ్యవహారముతో సంబంధము లేని ఒక ఇంజనీరును రుసుమిచ్చి పిలిపించితిమి. శ్లాబు అడుగున కమ్మీలకు 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పుండవలసి యుండగా, పెచ్చూడినచోట అందులో సగమును లేదని ఆయన కొలిచి చూపెను. కమ్మీలక్రింద కవర్ బ్లాకులు పెట్టక సెంట్రింగు రేకులపైననే పఱచినచో ఇట్లగునట. శ్లాబు దప్పికతో బీటువారగా, ఆ బీటలనుండి వాననీరును, చల్లిన ఉప్పునీటి ఉప్పును దిగి కమ్మీలు త్రుప్పుపట్టెనని ఆయన వ్రాసియిచ్చెను.

ఇచ్చట మా మనస్సాక్షికి ఒక చిక్కు వచ్చెను. నీటి విషయములో మేమును ఊరకుంటిమిగదా! అది వ్రాసినచో మా వ్యాజ్యము బలహీనమగునని బంధువొకరు హెచ్చరించిరి. ఉన్నది దాచి న్యాయమడుగుట ఎట్లని మాకు తోచెను. “నీటి ఖర్చును గూర్చి ఒప్పందములో వ్రాసికొనకపోవుట ఇరువురి పొరపాటు. కమ్మీల కప్పును, వాలును, గిలాబాను పనితనపు లోపములు” అని విడదీసి వ్రాసి, పదునైదు దినముల గడువిచ్చి, రిజిస్టరు తపాలాలో పంపితిమి.

పండ్రెండవనాడు అతడు వచ్చెను. చేతిలో నోటీసు నలిగియున్నది. మా వారివైపు చూడక మావైపు తిరిగి, “అమ్మా, అన్నం పెట్టిన చేత్తోనే ఇది రాసినారా?” అనెను. మా నోట మాట రాలేదు. మా వారు మెల్లగా, “ఏమప్పా, లెక్క తప్పిననాడు నీ పలకపై తప్పని వ్రాసితిని. ఆనాడు నేను నీకు పగవాడనైతినా? దిద్దుకొని రమ్మంటిని. ఇప్పుడును అంతే” అనిరి. అతడు చాలసేపు తలవంచుకొని కూర్చుండెను. పిమ్మట మా అత్తగారు లేచి అతనిని పడుకగదిలోనికి తీసికొనిపోయి కప్పును చూపి, మంచమున్న తావు చూపిరి. అతడు వెలుపలికి వచ్చి, “సెంట్రింగు నాడు నేనింకో పని కాడ ఉన్న్యానయ్యవారూ. చూసుకోలేదు” అనెను. మాకు న్యాయము జరిగినది ఆ క్షణముననే యని ఇప్పటికిని మా నమ్మకము.

కమిషనునకు పోవలసిన పని లేకపోయెను. ఈమాఱు కాగితము సవివరముగా వ్రాసికొంటిమి. సామానును కూలియు అతనివి, నీరు మాది, పర్యవేక్షణ ఆ ఇంజనీరుది. వదులుగానున్న కాంక్రీటంతయు కమ్మీల వెనుకవఱకు చెక్కివేసి, త్రుప్పును తీగెబ్రష్షుతో గీకి, త్రుప్పుపట్టకుండ మందు పూసి, మరమ్మతులకై ప్రత్యేకముగా తయారుచేసిన గచ్చు నింపిరి. మిద్దెపై వాలు క్రొత్తగా తీర్చి, తూము క్రిందికి దింపిరి. తరువాత పదునాలుగు దినములు నీరు పోయించు భారము మా అత్తగారు వహించిరి. మెట్లు ఎక్కలేకున్నను క్రిందనుండి కేక వేసి పోయించిరి. ఆ రెండు వారములు మేము వాడుక నీరు తగ్గించుకొని బట్టలు చెల్లెలి యింటికి పంపి ఉదికించితిమి. పని ముగిసిన పిదప తూము మూసి రెండు దినములు మిద్దెపై నీరు నిలిపి చూచితిమి. ఒక్క చుక్కయు కారలేదు.

అంతమాత్రమున ఇల్లు క్రొత్తదైనదని చెప్పజాలము. అతుకువేసిన మేర రంగు నేటికిని కలియలేదు. మా అత్తగారు ఆ గదిలో పడుకొనుటకు ఒప్పుకొనరు. ఇంజనీరు రుసుమును, నీటి ఖర్చును మావే. కాని శిష్యుడు మా యింటికి వచ్చుట మానలేదు. ఇప్పుడతడు వ్రాయు ప్రతి ఒప్పందములోను నీటికొక పంక్తి కేటాయించుచున్నాడట.

సోదరీమణులకు మేము చెప్పదలచినది కొంచెమే. ఇంటిపని మగవారి వ్యవహారమని దూరముగా నిలువకుడు. ఆ గోడల నడుమ పగలంతయు ఉండువారము మనమే. ఒప్పందములో సామాను రకము, కమ్మీల కొలత, నీరు తెచ్చు బాధ్యత, లోపము కనబడిన ఎన్నాళ్ళలో సరిచేయవలెనో వ్రాయించుడు. శ్లాబు వేయుటకు ముందు కమ్మీలక్రింద బ్లాకులున్నవా యని ఒక్కసారి పైకెక్కి చూడుడు. వేసిన పిదప దినములు లెక్కపెట్టి నీరు పోయించుడు. కడపటి వాయిదా సొమ్మును ఒక వానకాలము గడచువఱకు నిలుపుకొను షరతును ముందే వ్రాసికొనుడు. రసీదులు దాచుడు. లైసెన్సు చూచి తృప్తిపడకుడు. తప్పు జరిగిన ఎవ్వరిని అడుగవలెనో లైసెన్సు తెలుపును గాని, మిద్దెకు నీరు పోయదు. సందేహము కలిగినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు 1915 అను సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును. అన్నిటికంటె ముందు, రెండేండ్ల గడువు మొగమాటమునకై ఆగదని గుర్తుంచుకొనుడు.

మా గుత్తికోటను మురారిరావు ఏలుచుండగా హైదరాలీ ముట్టడించెను. కొండమీది గోడలు చెక్కుచెదరలేదు. లోపల నీరు చాలక 1776లో కోట వశమయ్యెనని చరిత్రకారులు వ్రాసిరి. బాల్యమున పాఠములో చదివిన ఈ మాట అర్థము మాకిప్పుడు తెలిసినది. మొన్న వాన వచ్చినప్పుడు మా అత్తగారు వసారాలో కూర్చుండి తూమునుండి పడు నీటి చప్పుడు వినుచు, “పోతున్నాది, సరిగ్గా పోతున్నాది” అనిరి. మేము బిందె తెచ్చి తూముక్రింద పెట్టితిమి.